స్వామి ఒళ్ళో బూట్లవాడు

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. దసరా వెళ్ళిపోయినా మా వీధి ఇంకా మరిచిపోలేదు. నేను కనబడితే చాలు, ఎవరో ఒకరు పమిట నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. నాకేమో ఎవరైనా గట్టిగా నవ్వితే ఇప్పటికీ గుండె దడ.

మాది తిరువూరు. బజారులో మా వారి కిరాణా కొట్టు. దాని వెనకే ఇల్లు. ఇంట్లో మా అత్తగారిదొక చెక్కపెట్టె ఉంది. దాన్నిండా కొండపల్లి బొమ్మలు. ఆవిడ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఏటా దసరాకి బొమ్మల కొలువు ఆవిడే తీర్చేది. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి.

"వరలక్ష్మీ, ఈసారి కొలువు నువ్వు పెట్టు" అన్నారు. "చక్కగా పెట్టావా, పెట్టె తాళం నీకే. లేదంటే సరోజినికి ఇచ్చేస్తాను."

సరోజిని మా తోడికోడలు. వినగడపలో ఉంటుంది. మంచిపిల్లే. కానీ ఆ పెట్టె మీద తన కన్ను ఇవాళ్టిది కాదు. నా కన్నూ అంతే. సిగ్గెందుకు, చెప్పేస్తున్నాను.

కొలువుకి ముందురోజు పొద్దున్నే కూర్చుని బొమ్మలు దులుపుతున్నాను. దశావతారాల్లో నరసింహస్వామి ఉన్నాడు చూడండి, మా పెట్టెలో స్వామి వేరే, ఆయన ఒళ్ళో పడుకోబెట్టే హిరణ్యకశిపుడు వేరే. ఆ హిరణ్యకశిపుడు నా చేతిలోంచి జారాడు. మెడ ఊడింది.

నా ప్రాణం పోయింది.

విరిగిన బొమ్మని కొలువులో పెట్టకూడదు. అతికించినా పెట్టకూడదు. పోనీ స్వామిని ఒక్కడినే పెడదామా అంటే, ఒళ్ళో ఎవరూ లేకుండా గోళ్ళు చాచుకుని కూర్చున్నవాడు గోరింటాకు పెట్టించుకుంటున్నట్టు ఉన్నాడు. కొండపల్లి వెళ్ళి కొత్తది తేవాలంటే బెజవాడ బస్సెక్కాలి. ఎక్కడికని అడుగుతారు. ఏం చెప్పను?

అప్పుడు నా కళ్ళు మా పద్మ అలమర మీద పడ్డాయి.

పద్మ మా అమ్మాయి. హైస్కూల్లో చదువుతోంది. మా తమ్ముడు ఓడలో ఉద్యోగం చేస్తాడు. ఈమధ్య సెలవులకి వస్తూ మేనకోడలికి ఒక ప్లాస్టిక్ బొమ్మ, దాని తాలూకు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెచ్చాడు. ఆ బొమ్మ పేరు గ్రోమాక్. విలను. నక్షత్రాల్లో ఎక్కడో రాజట. ఆ దేశాల్లో వీడి మీద పుస్తకాలే కాదు, బొమ్మల సినిమాలు కూడా వేస్తారట.

"ఆడపిల్లకి రాక్షసుడేంట్రా? హీరోని తేలేకపోయావూ?" అన్నాను.

"హీరోలు అయిపోయారక్కా. షాపులో వీడొక్కడే మిగిలాడు" అన్నాడు.

నీలం మొహం. బయటికొచ్చిన కోరలు. నెత్తిన కిరీటం లాంటి టోపీ. మోకాళ్ళు వంచితే వంగుతాయి, మెడ వాలిస్తే వాలుతుంది. స్వామి ఒళ్ళో పడుకోబెట్టి చూశాను. కొలతిచ్చి చేయించినట్టు సరిపోయాడు! నిజం చెప్పొద్దూ, అసలువాడి కంటే వీడే బాగా చస్తున్నాడు.

చేతిలో తుపాకీ ఉంది. లాగితే ఊడలేదు. దానికీ, నడుముకీ కలిపి పట్టు జాకెట్టు ముక్క చుట్టాను. ఒక్కటే చిక్కు. ప్లాస్టిక్కు కదా, జారిపోతున్నాడు. తిప్పి చూస్తే వీపున చిన్న రింగు కనిపించింది. మేకుకి తగిలించుకోడానికి కాబోలు అనుకున్నాను. ఆ రింగుకి దారం కట్టి, స్వామి సింహాసనానికి బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం బడి నుంచి వచ్చిన పద్మ కొలువు చూసి గతుక్కుమంది.

"అమ్మా! మా గ్రోమాక్!"

"ష్! దసరా అయ్యేదాకా వాడు హిరణ్యకశిపుడు."

"అది కాదమ్మా, వాడి వీపున..."

"నానమ్మకి వినబడిందంటే నీ వీపున పడుతుంది. నోరు మూసుకో."

మూసుకుంది. అదే నా కొంప ముంచింది.

పండగ రోజులన్నీ దివ్యంగా గడిచాయి. అత్తగారికి చూపు మసక. "వాడి చేతిలో ఏంటే అది?" అని ఒకసారి అడిగారు. "గదండీ అత్తయ్యా" అన్నాను. పేరంటానికి వచ్చినవాళ్ళంతా రాముణ్ణి వదిలేసి, కృష్ణుణ్ణి వదిలేసి, వీడినే పొగిడారు. పక్కింటి రత్నమ్మగారైతే, "ఆ మొహంలో ఏడుపు చూడండి! ఎంత బాగా చెక్కాడో మహానుభావుడు!" అని బుగ్గలు నొక్కుకున్నారు. పెట్టె తాళం నా మొలలో వేలాడుతున్నట్టే ఉంది.

విజయదశమి నాడు సరోజిని వచ్చింది. వస్తూనే కొలువు ముందు వంగింది.

"అక్కా, హిరణ్యకశిపుడు బూట్లు వేసుకున్నాడేంటి?"

బూట్ల సంగతి నాకు తట్టనే లేదు!

"రాజు కదా సరోజినీ. వట్టికాళ్ళతో తిరుగుతాడా?"

"మరి స్వామికి లేవే?"

"ఆయన స్తంభంలోంచి వచ్చాడు. ఆయనకెక్కడివి?"

"ఏంటే ఆ గుసగుసలు?" అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

"బొమ్మలు బాగున్నాయంటోంది అత్తయ్యా" అన్నాను. సరోజిని మాత్రం వాడి వంక అలా చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం మంగళహారతి. పాట అయ్యాక, వచ్చిన ముత్తయిదువల్లో పెద్దావిడ ఒక బొమ్మని పడుకోబెడుతుంది. అంతటితో కొలువు ముగిసినట్టు. పెద్దావిడ అంటే రత్నమ్మగారే. ఆవిడ లేచి సీతమ్మవారి కోసం చెయ్యి చాపింది. మధ్యలో ఆగింది.

"అయ్యో, వీడు జారిపోతున్నాడమ్మా. సరిగ్గా పడుకోబెడతానుండు" అని గ్రోమాక్‌ని పట్టుకుని పైకి లేపింది.

"వద్దు మామ్మగారూ!" అని పద్మ అరిచింది.

రత్నమ్మగారి మొహం మారిపోయింది. "ఇదేంటే వరలక్ష్మీ, ఎవరో వెనక్కి లాగుతున్నారు!"

అంటూ వదిలేసింది.

వాడు ఎగిరి స్వామి ఒళ్ళోకి దూకాడు. దూకుతూ, "హహ్హహ్హహ్హా!" అని గ్రామఫోను గొంతుతో నవ్వాడు. నవ్వి ఇంగ్లీషులో ఏదో గర్జించాడు.

ఆ తర్వాత ఎవరు ఎటు పోయారో తెలీదు. శనగల పళ్ళెం ఎగిరింది. హారతి పళ్ళెం నా చేతిలోదే, ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. సందులో పడి పరుగెత్తి, కొట్టులో బస్తాల మధ్య తేలాను. నాకంటే ముందు ఎవరూ లేరు. ఇంటావిణ్ణయి ఉండి, అందరికంటే ముందు నేనే!

మా వారు పంచదార తూస్తున్నారు.

"ఏమైంది?"

"మాట్లాడాడండీ!"

"ఎవరు?"

"హిరణ్యకశిపుడు!"

ఆయన పొట్లం కట్టడం ఆపలేదు. "ఏమన్నాడు?"

"ఏమో! ఇంగ్లీషులో అన్నాడు!"

అప్పుడు ఆపారు.

అందరం మెల్లగా గుమ్మం దాకా తిరిగొచ్చాం. లోపల అత్తగారు కుర్చీలో కదలకుండా ఉన్నారు. మోకాళ్ళ వల్ల పరుగెత్తలేకపోయారు. ఒళ్ళంతా శనగలు.

"బాగుందమ్మా. నన్నొక్కదాన్నీ రాక్షసుడికి వదిలేసి పోయారు."

పద్మ కొలువు దగ్గరే బొమ్మ పట్టుకుని నిలబడింది. "ఇదేం దెయ్యం కాదు. రింగు లాగి వదిలితే మాట్లాడుతుంది. ఇదిగో" అని లాగి చూపించింది. గుమ్మంలో సగం మంది మళ్ళీ వీధిలోకి పోయారు.

ఇంక దాచేదేముంది? మెడ ఊడిన హిరణ్యకశిపుణ్ణి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టాను.

సరోజిని బుగ్గన వేలేసుకుంది. "ఎంత పని చేశావక్కా! పోనీలెండి అత్తయ్యా, ఇకమీదట పెట్టె నేను జాగ్రత్తగా..."

అత్తగారు చెయ్యెత్తారు.

"పద్మా, వాడు ఏమన్నాడే?"

"'ఈ లోకమంతా నాది, నాకు చావు లేదు' అన్నాడు నానమ్మా."

అత్తగారు చీర మీది శనగలు దులుపుకున్నారు.

"హిరణ్యకశిపుడు మరింకేమంటాడే?"

పద్మ చేతిలోని బొమ్మ వంక కళ్ళు చికిలించి చూశారు.

"నిజంగానే చావడా వీడు?"

"ప్రతి పుస్తకం చివరా చస్తాడు నానమ్మా. తర్వాతి పుస్తకంలో మళ్ళీ వస్తాడు."

"మనవాడు మాత్రం? రావణుడై రాలేదూ? శిశుపాలుడై రాలేదూ?"

"అవునండోయ్!" అన్నారు రత్నమ్మగారు వీధిలోంచి.

అత్తగారు నా వైపు తిరిగారు. "విరిగితే విరిగిందని చెప్పడానికి నీకేం రోగం? ఆ వామనుడి గొడుగు చూడు. అగ్గిపుల్లా, రంగు కాగితం. మా అత్తగారు పోయేదాకా ఆవిడకి తెలీదు." రొంటిన ఉన్న తాళం తీసి నా చేతిలో పడేశారు. "ఆ పాతవాడు ఇన్నేళ్ళలో ఒక్కనాడు నోరు విప్పలేదు. నువ్వు తెచ్చినవాడు మాట్లాడాడు. తీసుకో."

పద్మ ఏడుపు మొదలెట్టింది. కొలువెక్కిన బొమ్మ మళ్ళీ ఆటలకి దిగకూడదని అత్తగారి నియమం. ఏటా హారతి వేళ రింగు లాగే పని నీదేనంటే ఊరుకుంది. రత్నమ్మగారు అప్పుడే, వచ్చే ఏడు తన పుట్టింటివాళ్ళని కూడా తెస్తానంటున్నారు. సీతమ్మవారిని చూడటానికి కాదని వేరే చెప్పాలా?

ఇప్పుడు పెట్టె నా మంచం కింద ఉంది. గ్రోమాక్ స్వామి పక్కనే పాత చీర ముక్కలో పడుకున్నాడు. సింహాసనానికి కట్టిన దారం విప్పడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. నిన్న పొద్దున ఊడుస్తూ పెట్టె పక్కకి లాగాను. లోపలివాడు నవ్వాడు.

అందులో ఎవడున్నాడో ఈ ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. తాళం కూడా నా మొలలోనే ఉంది. అయినా చీపురు పారేసి కొట్టు దాకా పరుగెత్తాను.

మా వారు తక్కెడ మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఈసారి ఏమన్నాడు?"