సిల్వా ఎవరి పిల్ల?

తాతయ్యకు ఒకటే జబ్బు. ఎదురుపడిన ప్రతి మాటనూ నిలబెట్టి, "నీదే ఊరు, నీ తల్లిదండ్రులెవరు?" అని అడగందే వదిలిపెట్టడు. పళ్ళ డాక్టరు నోట్లో పట్టకారు పెట్టి, "కొంచెం నొప్పి ఉంటుంది" అన్నాడొకసారి. తాతయ్య ఆ పట్టకారు తీయించి మరీ, "నొప్పి అన్న మాట ఎక్కడ పుట్టిందో తెలుసా మీకు?" అన్నాడు. డాక్టరు మత్తుమందు ఇంకాస్త ఎక్కించాడు.

పెళ్ళయిన కొత్తలో అమ్మమ్మ, "ఏమండీ, పాలు పొంగుతున్నాయి, దించండి!" అని పెరట్లోంచి కేకేసింది. పొంగడం అన్న మాటకు చుట్టపక్కాలెవరా అని ఆలోచిస్తూ ఆయన పొయ్యి ముందే నిలబడ్డాడు. పాలన్నీ పొయ్యి తాగింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన పేరు పుట్టుపూర్వోత్తరాలు.

"పుట్టుపూర్వోత్తరాలు లేచారా?"

"లేచారు. సబ్బుతో మాట్లాడుతున్నారు."

ఆయన ఉద్యోగం చెట్లకు పేర్లు రాయడం. ఊళ్ళోని పెద్ద తోటలో ప్రతి చెట్టు ముందూ ఒక రేకు పలక ఉంటుంది. తెల్లరంగు మీద నల్లటి అక్షరాలతో పైన లాటిన్ పేరు, కింద మన పేరు. ఇంకొకరైతే రోజుకు పది పలకలు రాస్తారు. తాతయ్య రెండు రాస్తాడు. మిగతా పొద్దంతా, అట్ట ఊడిపోయి గుడ్డపట్టీ కట్టించుకున్న నిఘంటువుతో గడుపుతాడు. "మిమ్మల్ని చెట్టుకు పేరు రాయమన్నాం, జాతకం రాయమనలేదు" అని తోట సూపరింటెండెంటు నెలకోసారి మొత్తుకునేవాడు. "జాతకం అన్న మాట..." అని తాతయ్య మొదలుపెట్టేసరికి ఆయన గేటు దాటిపోయేవాడు.

ఇలాంటి ఇంట్లో మామయ్య ఒక బాంబు పేల్చాడు. మామయ్య అదే తోటలో నీటి పంపుల మెకానిక్కు. నర్సరీలో మొక్కలకు అంటు కట్టే అమ్మాయిని తప్ప ఇంకెవరినీ చేసుకోనన్నాడు. బంగారంలాంటి పిల్ల. అయితే ఎవరో పొత్తిళ్ళలో చుట్టి ఆశ్రమం అరుగు మీద వదిలి వెళ్ళిన పిల్ల. అమ్మ ఎవరో, నాన్న ఎవరో ఆశ్రమం రిజిస్టరుకే తెలియదు.

అమ్మ తల పట్టుకుంది. "చీపురుకట్టకే తాతముత్తాతల్ని వెతికే మనిషి! ఈ పిల్లను ఊరికే వదులుతాడా?"

"ఆయన సంగతి తర్వాత. వదిన వస్తోంది" అంది అమ్మమ్మ.

వదిన అంటే తాతయ్య అక్కగారు, అమ్మకూ మామయ్యకూ పెద్దత్తయ్య. తల్లి పోతే తాతయ్యను చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడ కాదన్నదాన్ని తాతయ్య అరవై ఏళ్ళలో ఒక్కసారీ ఔనన్నది లేదు. తమ్ముడు మాటల వంశాలు తవ్వితే, అక్క మనుషుల వంశాలు తవ్వుతుంది. ఒక తల్లి పిల్లలు మరి.

ఇక లాభం లేదని, ఎనిమిదో తరగతిలో బడితో పడక ఇంట్లో ఉండిపోయిన మనవరాలు రంగంలోకి దిగింది. ఒక కాగితం తీసుకుని నర్సరీ అమ్మాయికి అమ్మానాన్నలను తయారుచేసింది. నాన్న స్టేషన్ మాస్టరు. అమ్మ సంగీతం టీచరు. ఇద్దరూ ఒకే పడవలో మునిగి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని పోయారు. రాస్తూ రాస్తూ తనే ఏడ్చింది.

"ఇంత అబద్ధం నా వల్ల కాదు" అంది నర్సరీ అమ్మాయి.

"ఐదు నిమిషాలు ఓర్చుకోండి. ఆవిడ తల ఊపితే చాలు" అంది మనవరాలు. ఎవరి కంటా పడకుండా ఆ కాగితాన్ని భద్రంగా దాచేసింది.

ఆదివారం పిల్లను చూడ్డానికి పెద్దత్తయ్య వచ్చి పేము కుర్చీలో కూర్చుంది. అమ్మాయి టీ కప్పుల పళ్ళెంతో వచ్చింది. కప్పులు టకటకలాడుతున్నాయి.

"ఎవరి పిల్లవమ్మా?"

"మా నాన్నగారు..."

"అక్కా, సిల్వా అన్న మాట విన్నావా?" అన్నాడు తాతయ్య.

"వినలేదు, వినను. చెప్పమ్మా, మీ నాన్న?"

"లాటిన్‌లో అడవి అని అర్థం. నా పలకల్లో సగం చెట్లకు దాని పిల్లే తోక. సిల్వెస్ట్రిస్, అంటే అడవిలోది."

"ఒరేయ్, నేను పిల్లనడుగుతున్నాను!"

"నేనూ పిల్లల సంగతే చెబుతున్నానక్కా. దాని ఇంకో పిల్ల దేశాలు తిరిగి, రూపం మారి, ఇంగ్లీషులో సావేజ్ అయింది. అడవి మనిషి, మోటు మనిషి అని. ఫారెస్టు ఉందే, అది ఒకప్పుడు సిల్వా పక్కన నిలబడ్డ మాట. గుమ్మానికి బయటి అడవి అన్నమాట. ఆ లాటిన్ గుమ్మానికీ మన ద్వారానికీ దూరపు చుట్టరికం."

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. అమ్మమ్మ టీ మీద మూతలు పెట్టింది. పావుగంట గడిచింది. పెద్దత్తయ్య నోరు తెరిచినప్పుడల్లా ఒక చెట్టు అడ్డం వచ్చింది. చివరికి ఆవిడ రక్తం ఊరుకోలేదు.

"ఇంతమంది పిల్లలున్నారు సరే, ఇంతకీ ఆ సిల్వా ఎవరి పిల్లరా?"

తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తెలియదక్కా. ఎవరికీ తెలియదు. గ్రీకు వాళ్ళ ఇంటి పిల్ల అని పెద్ద పెద్ద పండితులు ఒక కథ అల్లారు. పరువుగా ఉంటుందని కాబోలు. ఎంత అతికించినా అది అతకలేదు." ఆయన చూపు మనవరాలి మీద ఒక్క క్షణం ఆగింది. "అల్లినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. దానికి ఆ కథ అక్కర్లేదు, అంతే."

"తండ్రి తెలియని మాటకు ఇంత సంసారమా?"

"అడవంతా దానిదే అక్కా."

నర్సరీ అమ్మాయి పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఇప్పుడు కప్పులు చప్పుడు చేయలేదు.

"నేను ఆశ్రమంలో పెరిగానండి. అమ్మానాన్నలెవరో నాకు తెలియదు. మీ తమ్ముడుగారితో మూడేళ్ళుగా తోటలో పనిచేస్తున్నాను. కనబడ్డ మాటనల్లా ఏ ఊరని అడుగుతారు గానీ, నన్ను ఒక్కసారీ అడగలేదు."

పెద్దత్తయ్య ఆ పిల్లను కింది నుంచి పైకి చూసింది. తమ్ముణ్ణి చూసింది. మళ్ళీ పిల్లను చూసింది.

"మూడేళ్ళా?"

"అవునండి."

"రోజూ వీడి మాటలు వింటూనే ఉన్నావా?"

"వింటూనే అంటు కడతానండి."

"పారిపోవాలనిపించలేదూ?"

"లేదండి."

"అయితే ఈ ఇంటి కోసమే పుట్టిన పిల్ల! ఇంకేం కావాలి? ఆ టీ ఇటివ్వమ్మా, చల్లారి చచ్చింది" అని ఆవిడ గట్టిగా తల ఊపింది.

"చావు అన్న మాట..." అన్నాడు తాతయ్య.

"నోర్ముయ్" అంది అక్క.

సాయంత్రం తాతయ్య వరండాలో కుంచె కడుక్కుంటుంటే మనవరాలు పిల్లిలా వెళ్ళి పక్కన చేరింది.

"తాతయ్యా, నీకు ముందే తెలుసా?"

"దొంగ కాగితాన్ని నా నిఘంటువులో దాస్తే తెలియదటే?"

ఇంట్లో ఇంకెవరూ ముట్టని పుస్తకం కదా అని అందులో పెట్టింది. ఆయన ముట్టుకుంటాడన్న సంగతి ఒక్కటే మరిచిపోయింది. తాతయ్య జేబులోంచి ఆ కాగితం తీసిచ్చాడు. ఎర్ర సిరాతో పదకొండు తప్పులు దిద్దాడు.

"అది సరే గానీ, నిక్షేపంలాంటి స్టేషన్ మాస్టర్ని తీసుకెళ్ళి పడవలో ముంచావేమే?"

"రైలైతే ఏ రైలు, ఎన్ని గంటలకు అని నువ్వు అడుగుతావని."