గిద్దలూరు సంతలో మిరపకాయలకు కాపలా

దొనకొండ వెళ్లే రైలుకు ఇంకా టైముందని గిద్దలూరు సంతలోకి వెళ్లాను. పచ్చిమిరపకాయలు అమ్మే ఒకామె నన్ను ఆపింది.

"అన్నా, ఆటోలో పాప ఏడుస్తాంది, పాలిచ్చొస్తా. కొంచెం చూస్తా ఉండు" అని, నా జవాబు వినకుండానే పోయింది.

ఎంతసేపటికీ రాలేదు. కుదురుగా నిలబడలేక, వదిలి పోలేక, మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకున్నాను. ఎవరో ధర అడిగితే తెలియదన్నాను. పక్కన మిరపకాయలే అమ్ముతున్న పెద్దాయన నెమ్మదిగా తన బేరాలు చూసుకుంటున్నాడు.

ఆమె రాగానే, "పక్కనాయన్ని చూడమనొచ్చు కదమ్మా" అన్నాను కోపంగా.

"ఆయనవీ మిరపకాయలే గదన్నా. బేరమొస్తే ఎవురియి అమ్మాల, పాపం?"

ఇంతలో రైలు కూత వినిపించింది. వద్దంటున్నా నా సంచిలో దోసెడు కాయలు పోసి, "ఇంక ఉరుకు" అంది.

కదులుతున్న రైలే ఎక్కాను.