గోడౌనులో టైఫాయిడ్

1942 ఏప్రిల్‌లో జపాను వాళ్ళు మద్రాసు మీద బాంబులేస్తారన్న భయంతో జనం ఊరు ఖాళీ చేశారు. అందరూ నగలూ పట్టుచీరలూ మూటగట్టుకుని రైలెక్కితే, కోటేశ్వరి టైఫాయిడ్ క్రిముల్ని సర్దుకుని ఎక్కింది.

ఆమె నరసరావుపేట కిరాణా వర్తకుడు గురునాథం కూతురు. మద్రాసులో చదివి, అక్కడే ఒక లేబరేటరీలో పేగుల్లో చేరి జబ్బు చేసే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. జ్వరం తగ్గి నిక్షేపంగా తిరిగే కొందరిలో కూడా టైఫాయిడ్ క్రిములు ఏళ్ళ తరబడి ఎందుకు మిగిలిపోతాయన్నదే ఆమె వెతుకులాట. ఊరు వదిలేముందు గాజు గొట్టాల్లోని క్రిములన్నిటినీ చంపేయమన్నాడు పై అధికారి. ఆమె బతిమాలి తనవి మాత్రం దక్కించుకుని, మైనంతో మూతులు బిగించి రేకుపెట్టెలో తెచ్చుకుంది.

ఇంటి వెనక గోడౌనులో తడి ఇసుకలో కొత్త కుండ పాతి, గొట్టాలు అందులో పెట్టింది. తల్లి నాగేంద్రమ్మ కంట అది పడనే పడింది.

"ఏమే, ఆ కుండలో ఏముంది?"

"టైఫాయిడ్ అమ్మా."

నాగేంద్రమ్మ కాసేపు కుండ వంక చూసింది. "పిల్లులు తిరుగుతుంటాయి. మూత మీద రాయి పెట్టు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ క్రిములకు తిండి మాంసం రసం. కోమట్ల ఇంట్లో అది కాచే వీల్లేదు. గురునాథం సరుకు బండ్లు తోలించే అలీ సాహెబ్ భార్య తన ఇంట్లో కాచి పంపేది. "ఉప్పూ కారం లేకుండా ఇదేం రసమమ్మా, మీ పురుగులకి నాలిక లేదా?" అని ఆమె ఫిర్యాదు. రసం గడ్డకట్టడానికి హల్వాలో వేసే చైనాగ్రాసు కావాలి. యుద్ధం వల్ల ఆ సరుకు రావడం ఆగిపోయింది. కొట్లో మిగిలిన కట్ట కూతురు పట్టుకుపోతుంటే, "పెళ్ళివాళ్ళకి నేనేం చెప్పేది?" అని గొణిగాడే గాని, గురునాథం అడ్డుపడలేదు.

మే నెలలో, ఏటా ఎండాకాలంలో లాగే, బజారులో జ్వరాలు మొదలయ్యాయి. డాక్టరు నరసింహం అందరికీ మలేరియా అనుకుని క్వినైన్ ఇస్తున్నాడు. యుద్ధంతో అదీ కరువైంది. రక్తం పరీక్షకు పంపుదామంటే మద్రాసు మూతపడింది. గోడౌను సంగతి విని ఆయనే వచ్చాడు.

"అమ్మాయ్, నీ దగ్గరున్నవి బతికే ఉన్నాయా?"

"చానా బాగున్నాయండీ."

రోగి రక్తం నుంచి తేరిన తేటలో ఆ క్రిముల్ని కలిపితే, జ్వరం టైఫాయిడ్ అయినప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కుని అడుక్కి దిగుతాయి. బజారు రోగుల్లో దాదాపు అందరి తేటలోనూ దిగాయి. నరసింహం క్వినైన్ మలేరియా వాళ్ళకు దాచాడు. కోటేశ్వరి మాత్రం ఇల్లిల్లూ తిరిగి ఎవరేం తిన్నారో, ఎక్కడ తాగారో అడిగింది. అందరి మాటా ఒక్కచోటే కలిసింది. వాళ్ళంతా గురునాథం కొట్టు ముందు చలివేంద్రంలో నీళ్ళు తాగినవాళ్ళే. ఏటా ఎండాకాలం ఆయన తన చేత్తోనే ముంచి పోసేవాడు.

మలం పరీక్షకని కూతురు డబ్బా ఇచ్చి విషయం చెప్పేసరికి గురునాథం మండిపడ్డాడు.

"నాకు జొరమే లేదు గదే."

"ఎప్పుడో వచ్చిందన్నావుగా నాన్నా."

"అది నా పెళ్ళికి ముందు సంగతి."

మర్నాడు తనే డబ్బా తెచ్చిచ్చాడు. ఆమె అనుమానం నిజమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాన్నా, నీలోనే ఉంది," అంది.

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. సాయంత్రం, జ్వరంతో చావు దాకా వెళ్ళి తేరుకుంటున్న బండి తోలే యల్లమంద ఇంటికి నడిచి వెళ్ళి, జరిగింది చెప్పాడు.

యల్లమంద మంచంలో లేచి కూర్చున్నాడు. "ఎండన పడొచ్చినోడికి నీళ్ళిచ్చావు శెట్టిగారూ. నీకు తెలిసి చేశావా ఏంది? కూచో."

చలివేంద్రం ఆగలేదు. నీళ్ళు కాచి చల్లార్చి, వేరే మనిషి పోశాడు. గురునాథం ఎదురరుగు మీద కూర్చుని, చేతులు కడుక్కోమని అతని మీద కేకలేసేవాడు. జ్వరాలు సద్దుమణిగాయి. యుద్ధం అయ్యాక మద్రాసులో ఆయన పిత్తాశయం తీసేశారు. క్రిములు దాక్కునేది అక్కడే. తర్వాతి పరీక్షల్లో ఆయన శుభ్రంగా తేలాడు.

కోటేశ్వరి పెళ్ళి మాట తలపెట్టలేదు. మద్రాసు తిరిగి వెళ్ళి అదే పరిశోధన సాగించింది. సెలవు దొరికితే బస్సెక్కి గురజాల, మాచర్ల తిరిగి, ఒంట్లో జబ్బు మోస్తూ తెలియక తిరిగేవాళ్ళ కోసం వెతికేది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని మలం ఇమ్మని అడగడం తేలికేం కాదు. కొందరు తలుపేసుకున్నారు, కొందరు పిచ్చిదన్నారు. ఒకసారి కారంపూడిలో రోశమ్మ అనే ముసలామె నడుం మీద చెయ్యేసుకుని నిలదీసింది.

"మీ నాయనైతే ఇస్తాడా ఇట్టాంటిది?"

"ఇచ్చాడు పెద్దమ్మా. ఆయనలోనే దొరికింది."

రోశమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"అయితే ఆ డబ్బా ఇట్టా తే," అంది.