అచ్చులో ఉన్న ఏడు

కుట్టుమిషన్ నూనె వాసన తగిలితే తొర్రూరులో ఖాసిం చాచా టైలర్ దుకాణం గుర్తొస్తుంది. తెలంగాణ ఉద్యమంతో బడి బంద్. పేపర్లో సుడోకు మీద చాచాతో పందెం కాశాను. ఓడితే దుకాణం ఊడవాలి. మా ఇంట్లో దొరతనం పోయినా గర్వం పోలేదు. ఊడవడమంటే నాకు చావే.

అడ్డవరుసలో, నిలువువరుసలో, తొమ్మిది గళ్ల డబ్బాలో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఏ అంకె కూడా రెండుసార్లు రాకూడదు. నాకు ఒక వరుసలో రెండు ఏడులు వచ్చాయి. అచ్చులో ఉన్న ఏడును కొట్టేసి ఎనిమిది రాశాను.

“అచ్చేసిన అంకెను మార్చొద్దు బిడ్డా!”

“ఎవరో అచ్చేసిందానికి మనమెందుకు తలొంచాలె చాచా? మరి గీ తెలంగాణ కొట్లాటంతా ఎందుకు?”

చాచా పడీపడీ నవ్వాడు. “జవాబు జబర్దస్తుగున్నది దొరసానీ. గని ఓడినవ్. చీపురు పట్టి ఊకు!”

తప్పు నేను రాసిన ఏడుదేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ రోజు మాత్రం వంగకుండా ఊడవాలని చూశాను. కుదరలేదు. వంగి, మూలమూలా ఊడ్చి, నిటారుగా నిలబడ్డాను.

“ఇంకోటి ఆడుదాం పా, చాచా.”