కొనే రాయి, అమ్మే రాయి

మా ఊరి వర్తక సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేసింది గౌరవం కొద్దీ కాదు. అంతకు ముందున్నాయన తన కొట్టు తలుపుకి ఎవరో అంటించిన బెదిరింపు కాగితం చదువుకుని, వారం తిరక్కుండా సామాను లారీకెక్కించి కొత్తగూడెం వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

ఎనభైల నడిమి సంగతి. భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే దారి పక్కన, అడవి అంచున మా ఊరు. భూములు చవగ్గా దొరుకుతాయని మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నేను బట్టల కొట్టు పెట్టుకున్నాను. చిన్నప్పటి నుంచీ ఇక్కడే తిరిగినవాణ్ణి కాబట్టి కోయ మాట కొంత వచ్చు.

“మీరైతే అందరితో మాట్లాడగలరండీ” అన్నాడు కిరాణా కొట్టాయన. ఊళ్ళో అందరికంటే పెద్ద కొట్టు ఆయనది. ఆయన అన్నాక కాదనేవాళ్ళు లేరు.

సంఘం పనులు మామూలువి. సంత అయ్యాక బజారు ఊడిపించడం, రోడ్డు గుంతల గురించి అర్జీలు పెట్టడం, శ్రీరామనవమికి భద్రాచలం నడిచి వెళ్ళేవాళ్ళకి చలివేంద్రం వేయించడం. నాకది నచ్చింది. కుర్చీ ఎవరికైనా నచ్చుతుంది.

గురువారం మా సంత. వేసవి మొదట్లో కోయ ఊళ్ళ నుంచి చింతపండు దిగేది. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని తెల్లవారకముందే బయల్దేరి వచ్చేవాళ్ళు. కిరాణా ఆయన దగ్గర కొనడానికి ఒక తూకం రాయి, అమ్మడానికి ఒక రాయి ఉండేవని మా అందరికీ తెలుసు. తెలిసీ ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. నా గజం బద్ద సరిగ్గా ఉంటే చాలనుకునేవాణ్ణి నేను.

ఆ గురువారం ఒకామె చింతపండు తెచ్చింది. తోడు ఆమె తమ్ముడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. సర్కారు ముద్ర ఉన్న కిలో రాయి ఒకటి ఎక్కడో అరువడిగి, తువ్వాల్లో మూటకట్టుకుని తెచ్చాడు. కిరాణా ఆయన తూకం మొదలుపెట్టగానే, ఆ రాయి తీసి తక్కెడ ఒక పళ్ళెంలో పెట్టాడు. ఆయన రాయి తీసుకుని రెండో పళ్ళెంలో పెట్టాడు. ఆయన రాయి వైపు పళ్ళెం దభీమని నేలకి తగిలింది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

కిరాణా ఆయన తక్కెడలోంచి తన రాయి తీసి ఆ అబ్బాయి ముఖం మీద కొట్టాడు. విసరలేదు, చేత్తో పట్టుకునే కొట్టాడు. పడిపోయాక ఇంకోసారి కొట్టాడు. ఆయన హమాలీలిద్దరూ కడుపులో తన్నారు. తమ్ముడి మీద పడి కాచుకోబోయిన అక్కని జుట్టు పట్టి పక్కకి లాగేశారు.

నేను బజారుకి ఇటువైపు నా కొట్లో నిలబడి ఉన్నాను. చేతిలో ఒక గిరాకీకి విప్పి చూపించిన బట్ట తాను ఉంది. ఆ తాను మొత్తం చుట్టి, అరలో పెట్టి, అప్పుడు మెట్లు దిగాను. అంతసేపూ దెబ్బల చప్పుడు వినబడుతూనే ఉంది. ఎందుకు చుట్టానో ఇప్పటికీ చెప్పలేను. భయం అంటే సగమే నిజం. నేను వెళ్ళేలోపు అయిపోతే బాగుండుననుకున్నాను.

జీపు మాట్లాడి వాళ్ళిద్దరినీ భద్రాచలం దవాఖానాకి తీసుకుపోయాను. దారంతా తమ్ముడి తల అక్క ఒళ్ళోనే ఉంది. ఆమె చీర కుచ్చెళ్ళు తడిసి ముద్దయ్యాయి. సగం దారిలో అడిగింది.

“సావుకారీ, నువ్వు సూసినవా?”

“చూశాను.”

“అడిగితే చెప్తవా?”

తలూపాను. ఎడమ కన్ను దక్కదని దవాఖానాలో చెప్పారు.

మర్నాడు సంఘం కూడింది. వైద్యం ఖర్చు పెట్టుకుని, వాళ్ళ ఊరికి పోయి నాలుగు మంచి మాటలు చెప్పి రమ్మని కిరాణా ఆయనకి చెప్పాను. ఆయన నవ్వాడు.

“రాయితో ముందు వాడే నన్ను కొట్టబోయాడండీ. మీరు చూశారు కదా. అధ్యక్షుడన్నాక మనవాళ్ళ వైపుండాలి.”

చుట్టూ అందరూ తలలూపారు. నేను సంఘం పుస్తకం మూసేశాను.

ఆ తర్వాతి గురువారం పొద్దున సంతలో ఒక్క కోయ గంప కూడా లేదు. మిట్టమధ్యాహ్నం వచ్చారు, రెండొందల మంది దాకా. గంపలు లేవు. గొడ్డళ్ళు, బడితెలు, కొందరి భుజాన విల్లమ్ములు. అరుపులు లేవు. నేరుగా కిరాణా కొట్టు మీదికి పోయారు. ఆయన వెనక గుమ్మంలోంచి ఉరికి, బజారు చుట్టి, నా కొట్లోకి వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. బట్టల మూటల వెనక దాచాను.

పారిపోలేకపోయిన హమాలీ ఒకడు దొరికాడు. అతన్ని బజారు మధ్యకి ఈడ్చి, ఏ కాలితో తన్నాడో ఆ కాలు విరిగేదాకా కొట్టారు. ఆ కేక ఎంత గట్టిగా ఉందంటే, పక్క వీధిలో పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు. కొట్టు తలుపులు గొడ్డళ్ళతో నరికి, నూనె పీపాలు బజార్లో దొర్లించారు. ఉప్పు, పప్పు, బెల్లం అన్నీ నూనెలో కలిసి కాళ్ళ కింద బురదయ్యాయి.

వాళ్ళ ఊరి పెద్ద నా గుమ్మం ముందుకొచ్చాడు. ఇంట్లో ఏ పెళ్ళయినా నా దగ్గరే బట్టలు తీసే మనిషి.

“మీ కాడున్నడా సావుకారీ?”

“లేడు” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత మూటల వైపు చూశాడు. “లేడంటుండు. పాండ్రి” అని వెనక్కి తిరిగాడు. అందరూ తిరగలేదు. ఒక కుర్రాడు బడితెతో నా భుజం మీద కొట్టాడు. కాలర్ ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. రెండో దెబ్బ పడకుండా ఆ పెద్దాయన బడితెని రెండు చేతులా పట్టుకున్నాడు.

సాయంత్రానికి పోలీసు వ్యాను దిగింది. కొట్టినవాళ్ళు అప్పటికే అడవి పట్టారు. వెనకబడ్డ ముసలివాళ్ళు, దారిలో కనబడ్డవాళ్ళు దొరికారు. రోడ్డు మీదే లాఠీలు విరిగాయి. పందొమ్మిది మందిని వ్యానులోకి విసిరారు. వాళ్ళలో ఆ పెద్దాయన ఉన్నాడు.

తెల్లవారి నన్ను పోలీసు క్యాంపుకి రమ్మన్నారు. చెయ్యి మెడకి కట్టుకుని వెళ్ళాను. పెద్దాయన్ని వాకిట్లో బోర్లా పడుకోబెట్టి, ఒకడు మోకాళ్ళ వెనక నిలబడితే, ఇంకొకడు అరికాళ్ళ మీద కొడుతున్నాడు. దెబ్బ దెబ్బకీ ఆయన నోట్లోంచి గాలి మాత్రమే వస్తోంది.

“మీ భుజం విరగ్గొట్టింది వీడేనా?” ఎస్సై అడిగాడు.

“కాదు సార్. ఆయన అడ్డుపడ్డాడు. అసలు ముందు కొట్టింది మా కిరాణా...”

“అది నేనడగలేదు. సంఘం తరఫున ఫిర్యాదు రాసి ఉంది. సంతకం పెట్టండి.”

కాగితంలో పందొమ్మిది పేర్లున్నాయి. వెనక లాఠీ లేస్తోంది, పడుతోంది. ఆ చప్పుడు ఆగితే చాలనిపించింది. సంతకం పెట్టాను. చప్పుడు ఆగలేదు.

బయటికొస్తే గేటు దగ్గర ఆమె కూర్చుని ఉంది. పక్కన తమ్ముడు, సగం ముఖానికి కట్టుతో. పట్టుబడ్డవాళ్ళలో వాళ్ళ నాన్న కూడా ఉన్నాడట. ఆమె నన్ను చూసి, లేచి దారి ఇచ్చింది, అంతే. వంద అడుగులు నడిచాను. ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాను. చెప్పిన టీ తాగకుండానే లేచాను.

తిరిగి లోపలికి వెళ్ళి, సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఎస్సై లేచి చెంప మీద కొట్టాడు. కట్టు కట్టిన భుజం పట్టుకుని నొక్కాడు. కళ్ళు తిరిగి అక్కడే పడ్డాను. తేరుకున్నాక బస్సెక్కి భద్రాచలం పోయి, సంఘం కాగితం మీదే, చూసింది చూసినట్టు రాసి అక్కడి పోలీసు పెద్ద ఆఫీసరు చేతిలో పెట్టాను. మెట్లు దిగేముందు బట్ట తాను చుట్టిన సంగతి కూడా రాశాను. ఆఫీసరు అక్కడ ఆగి, “ఇది అవసరమా?” అన్నాడు. ఉండనివ్వండి అన్నాను.

పదకొండు రోజులకి పందొమ్మిది మందినీ వదిలారు. పెద్దాయన ఆ తర్వాత ఎప్పుడూ కర్ర లేకుండా నడవలేదు.

కిరాణా ఆయన మీద కేసు రాశారు. ఆ వారమే రైసుమిల్లు ఆవరణలో సంఘం కూడింది. నన్ను తీసేస్తున్నామన్నారు. సరేనని లేచాను. కిరాణా ఆయన బావమరిది వెనక నుంచి వచ్చి కుర్చీతో వీపు మీద కొట్టాడు. పడ్డాక చెప్పులతో తొక్కారు. రోజూ నాతో టీ తాగేవాళ్ళవే ఆ చెప్పులు. రెండు పళ్ళు ఊడాయి. నన్ను లేపి ఇంటికి చేర్చింది టీ కొట్టు నడిపే విధవరాలొక్కతే. మా ఆవిడ నా నోరు కడుగుతూ, “ఇప్పుడన్నా నిద్ర పడుతుందా?” అంది. పట్టింది.

కేసు ఏళ్ళ తరబడి నడిచి, సాక్షులు నిలవక వీగిపోయింది. నేనొక్కణ్ణే నిలిచాను. ఆ ఏడు కోయవాళ్ళు వానాకాలం దాటేదాకా సంతకి రాలేదు. ఊరు ఎండిపోయింది. కొట్లు మూతపడే రోజులొచ్చాక, సంతలో రేకుల కింద సర్కారు కాటా ఒకటి పెట్టించమని నన్ను తన్నినవాళ్ళే నా చేత అర్జీ రాయించుకున్నారు. కాటా వచ్చాక, దసరాకి ముందు గంపలు మళ్ళీ దిగాయి.

పెద్దాయన బట్టలకొచ్చాడు. “ఆ రోజు అబద్ధం చెప్పాను” అన్నాను.

“తెల్సు. ఉన్నడని ఎరికే. లోపలికొస్తే వాళ్ళు వాణ్ణి సంపేటోళ్ళు. సంపుడు నాకిష్టం లేక ఎనక్కి మర్రిన” అన్నాడు, పంచె అంచు వేళ్ళతో చూసుకుంటూ.

రెండేళ్ళకి నన్నే మళ్ళీ అధ్యక్షుణ్ణి చేశారు. కోయ ఊళ్ళ నుంచి ఇద్దరు పెద్దలు కూడా సంఘంలో కూర్చోవాలన్నాను. మొదటి సమావేశానికి ఆ పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చోగానే, మావాళ్ళు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం తలుపు దగ్గరికి వేసుకుని, వాగు దగ్గర రోడ్డు కోసుకుపోయిన సంగతి మాట్లాడుకున్నాం.