సోల్ పాటకు విరిగిన గడియ

నేను ఒకే ఒక్క పాట పాడి కోరుట్లలో ఒక వీధినంతా ఏడిపించాను. గొప్ప గాయనిని కాబోలని తొందరపడి మర్యాద చేయకండి. ఆ రోజు ఏడ్చినవాళ్లలో ఒక్కరికి కూడా అది పాట అని తెలియదు. ఆ పాట పుణ్యమా అని ఒక గడియ విరిగింది, మా అమ్మ సొమ్మసిల్లింది, ఎక్కడా లేని ఒక అబ్బాయిని తన్నడానికి మా మేనమామ సిరిసిల్ల నుంచి కారేసుకుని వచ్చాడు. తప్పంతా నాదే. పాట మాత్రం అద్భుతం, ఆ విషయంలో నేను ఇప్పటికీ తగ్గను.

మాది సిరిసిల్ల. బాపు మరమగ్గాలు నడిపేవాడు. నేను కోరుట్లలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తూ షాహీన్ ఖాలా ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఖాలా, అంటే పిన్ని, కింద బట్టలు కుట్టేది. ఒంటరిగా ఉంటానన్నప్పుడు బాపు పెట్టిన షరతు ఒక్కటే: "బిడ్డా, నీ మీద ఒక్క మాట అచ్చిందా, గా దినమే సామాను సర్దుకొని ఇంటికి రావాలె." నాకు ఆ గది ప్రాణం. ఎందుకంటే ఇంట్లో నా సంగీతం ఎవరికీ పడేది కాదు.

నా సంగీతం అంటే రెండు రకాలు. ఒకటి ఎలక్ట్రానిక్. కంప్యూటర్‌లో పుట్టిన తాళం, కడుపులోకి దిగే బేస్, ఒక్కో మెట్టే ఎక్కుతూ ఎక్కుతూ, ఇక పైకి దారి లేదనిపించిన చోట ఒక్కసారిగా కిందకు దూకే ఆ క్షణం! రెండోది రెట్రో సోల్. మన తాతల కాలంలో అమెరికా నల్లజాతి గాయకులు గుండె చీల్చుకుని పాడిన బాణీని ఈ కాలం పిల్లలు మళ్లీ పాడుతున్నారు. వెనక హార్మోనియానికి అక్కలాంటి ఆర్గాన్ మూలుగుతుంటుంది, బాకాలు ఊరడిస్తుంటాయి, పాడే మనిషి గొంతు సరిగ్గా పగలాల్సిన చోట పగులుతుంది. అది మొదటిసారి విన్నది జగిత్యాల బస్సులో, పక్క సీటు స్నేహితురాలి ఇయర్‌ఫోన్‌లో. మల్యాల దగ్గర దిగాల్సినదాన్ని జగిత్యాల బస్టాండ్‌లో తేలాను. కండక్టర్ తిట్టినా బాకాల మోతలో నాకు వినపడలేదు.

ఈ రెండింటినీ కలిపి, అదీ మన భాషలో ఎవరూ పాడటం లేదేమిటని నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినవాళ్లు ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. నెలల తరబడి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తాళం కట్టి, ఆర్గాన్ పేర్చి, పాట కూడా నేనే రాశాను. సోల్ అన్నాక ఎడబాటు ఉండాలి కదా. అందుకని పల్లవి ఇలా వచ్చింది:

"పోయినవా... నన్నిడ్సి పోయినవా...
ఇగ నేనెవలి కోసం అన్నమొండాలె..."

చదువుతున్న మీకు ఇప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది. నాకు రాలేదు. అదే నా తెలివి.

ఒక ఆదివారం మధ్యాహ్నం రికార్డింగ్ పెట్టుకున్నాను. ఎవరూ అడ్డు రాకుండా లోపల గడియ వేశాను. ఫోన్ ఆపేశాను. బయటి శబ్దాన్ని చెవిలోకి రానీయని కొత్త హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. వాటి మహిమ ఏమిటంటే బయటి లోకంతోపాటు మన గొంతు కూడా మనకు సరిగ్గా వినపడదు. నేను సన్నగా, లేతగా పాడుతున్నానని అనుకుంటున్నాను. తాళం, ఆర్గాన్, బాకాలు అన్నీ నా చెవుల్లోనే ఉన్నాయి. వీధిలోకి వెళ్తున్నది మాత్రం గొంతు చించుకుని ఒక ఆడపిల్ల పెడుతున్న "పోయినవా!" ఒక్కటే.

కింద ఏం జరిగిందో తర్వాత ఖాలా నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. మొదటి "పోయినవా"కు ఆమె కుట్టుమిషన్ ఆపింది. రెండోదానికి చెప్పులు కూడా లేకుండా మేడమీదికి పరిగెత్తింది. ఎంత పిలిచినా నేను పలకలేదు. మూడోదానికి ఎదురింటి వెల్డింగ్ అంజన్న, ఆయన భార్య, పక్క సందు ఆడవాళ్లు చేరిపోయారు. మేడమీది పిల్ల నాన్న పోయినట్టున్నాడని ఎవరో తేల్చేశారు. ఖాలా బాపు నంబరుకే ఫోన్ చేసింది.

"హలో, స్రవంతి వాళ్లింట్ల నుంచి ఎవలు మాట్లాడుతున్నరు?"

"నేను, వాళ్ల బాపును."

"యా అల్లా! మీరు మంచిగనే ఉన్నరా?"

"మంచిగనే ఉన్న. నాకేమైతది?"

"మరి వాళ్లమ్మ?"

"గిదో, నా ముంగటనే కూసోని మిర్చీలు తింటాంది. ఏమైందమ్మా?"

"మరి పొల్ల ఎవల కోసం ఏడుస్తాంది భాయ్‌సాబ్? తలుపేసుకొని 'నన్నిడ్సి పోయినవా' అని గుండెలు బాదుకుంటాంది!"

అటువైపు బాపు గొంతు మారిందట. "ఇడ్సిపోయిండు అన్నదా?"

"మల్ల మల్ల అదే అంటాంది."

"అస్తున్నం" అని పెట్టేశాడు.

ఇక నేను లోపల ఏదైనా చేసుకుంటానేమోనని ఖాలా రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టింది. ఆ అదురు నేల గుండా నా కాళ్లకు, కాళ్ల గుండా గుండెకు వచ్చింది. నేనేమనుకున్నానో తెలుసా? ఆహా, ఏం బేస్! కొత్త హెడ్‌ఫోన్లు ఒళ్లంతా ఊపేస్తున్నాయి అనుకున్నాను. ఆ ఊపులో మూడో చరణం ఎత్తుకున్నాను. ఆ చరణం రాసింది నేనే అయినా నాకే కన్నీళ్లు ఆగవు. మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ పైకెత్తి, చెంపల మీద ధారలు కారుతుండగా ఆఖరి "పోయినవా" అందుకున్నాను.

సరిగ్గా అప్పుడే అంజన్న గడ్డపారతో గడియ ఊడబీకాడు.

తలుపు దభాలున తెరుచుకుని ఖాలా వచ్చి నన్ను వాటేసుకుంది. వెనక పది మంది ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. నేను హెడ్‌ఫోన్లు తీశాను. నా పాట విని ఇంతమంది కదిలిపోయారా!

"ఖాలా, మీకు గూడ గంత నచ్చిందా?" అన్నాను.

"బేటీ, ఎవడే వాడు? నిన్నిడ్సిపోయినోడు?"

"వాడా? వాడు మూడో చరణంల అస్తడు ఖాలా."

"చరణ్ ఎవడే?" అన్నాడు అంజన్న గడ్డపార దించకుండానే. "ఏ ఊరోడు?"

అది పాట అని చెప్పడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ల్యాప్‌టాప్ చూపించాను, మైకు చూపించాను. అంజన్న భార్య నా చెంపలు తుడుస్తూ, "పాటకు ఎవలన్న గిట్ల ఏడుస్తరా బిడ్డా? మా దగ్గర దాస్తవెందుకు?" అంది. సరే, వాళ్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు బాపుకు చెబుదామని ఫోన్ చేశాను. "అచ్చి మాట్లాడుత" అని ఒక్క మాట అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

పొద్దు వాలేసరికి కారు వచ్చి ఆగింది. బాపు, అమ్మ, చేతులు పైకి మడుచుకుంటూ మామ దిగారు. ఖాలా వాళ్లతో మెట్ల దగ్గర ఏదో మాట్లాడటం చూశాను. పాట సంగతి చెప్పేసి ఉంటుందని ధైర్యంగా నిలబడ్డాను. ఆమె చెప్పింది "మీరే అడగండ్రి" అని మాత్రమేనట.

బాపు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వెనకే ఖాలా, ఇంకా గడ్డపార వదలని అంజన్న వచ్చారు. "పేరు చెప్పు" అన్నాడు.

పాట పేరు అడుగుతున్నాడని నాకు ఎంత సంతోషమైందో! "పేరు ఇంకా పెట్టలే బాపూ."

అమ్మ గోడ పట్టుకుంది. "ఏందీ? పేరు పెట్టలేదా?"

"ఇయ్యాల్నే గదమ్మా పూర్తయింది. ఎనిమిది నెల్ల సంది కష్టపడ్డ. మీకు ఒక్కసారే చూపిద్దామని ఎవలకు చెప్పలే."

అమ్మ మంచం మీదికి ఒరిగిపోయింది. ఖాలా నీళ్లు తేవడానికి పరిగెత్తింది. మామ గదంతా కలయజూసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఎక్కడున్నదే గిప్పుడు?"

"గిదో మామా, ల్యాప్‌టాప్‌ల ఉన్నది."

అందరి కళ్లూ ల్యాప్‌టాప్ మీదికి, అక్కడి నుంచి నా మీదికి తిరిగాయి. మామ ముందు నవ్వాడు. తర్వాత అంజన్న గడ్డపార గోడకు ఆనించి కూలబడి నవ్వాడు. నీళ్లు చల్లితే లేచిన అమ్మ నవ్వాలో కొట్టాలో తేల్చుకోలేక రెండూ చేసింది. బాపు ఒక్కడు నవ్వలేదు.

"వీధంత జమైంది. తలుపు ఇరిగింది. ఒక్క మాట గాదు, వంద మాటలు అచ్చినయ్. సర్దు సామాను."

ఖాలా ఏదో అనబోతే బాపు చెయ్యి ఎత్తాడు. నాకు ఇప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. విచిత్రమేమిటంటే నిజం ఏడుపు ఎవరికీ వినపడలేదు.

"సర్దుత బాపూ. గని ఒక్కసారి ఇను. ఇన్నంక నువ్వేమన్న సరే."

"ఇనుండ్రి బావా," అన్నాడు మామ. "ఇంత దూరం అచ్చినం, తన్నుటానికి పోరడు గూడ దొరకలే. పాటనన్న ఇందాం."

మామ కారులో పెద్ద స్పీకర్లున్నాయి. తలుపులన్నీ తెరిచి వీధి మధ్యలో పాట పెట్టాము. మొదట తాళం వచ్చింది, ఆ వెనకే ఆర్గాన్. మూసిన కిటికీలు ఒకటొకటే తెరుచుకున్నాయి. "పోయినవా" అని నా గొంతు వచ్చేసరికి, మధ్యాహ్నం నన్ను ఓదార్చిన ఆడవాళ్లంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మూడో చరణంలో నేను ఎన్నడూ కట్టని ఒక దరువు మొదలైంది. దబ్ దబ్, దబదబ్. మైకు దాన్ని కూడా పట్టేసింది! పగిలే నా గొంతు కింద ఆ దరువు గుండె కొట్టుకున్నట్టు నడుస్తోంది. దాని చివర తలుపు తీయమంటూ సన్నగా "దర్వాజా ఖోల్ బేటీ!" అని ఒక కేక. నేను ఎనిమిది నెలలు వెతికినా దొరకని ముగింపు అది.

"రుకో రుకో!" ఖాలా గంతేసింది. "గా దరువు నాది! గా గొంతు నాది!"

అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. బాపు కారు బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. వేళ్లు మాత్రం దరువు వేస్తున్నాయి. పాట అయిపోయినా అవి ఆగలేదు.

"మల్లొకసారి పెట్టు" అన్నాడు.

నాలుగోసారి అయ్యేసరికి వీధిలో పిల్లలు ఎగురుతున్నారు, అంజన్న భార్య పల్లవి అందుకుంది, మామ రెండు చేతులూ గాల్లోకెత్తి ఊగుతున్నాడు. కారెక్కేముందు బాపు నా తల మీద చెయ్యి పెట్టి, "ఉండు బిడ్డా. నీ పాట నువ్వు పాడుకో" అన్నాడు. అంజన్న ఆ సాయంత్రమే తలుపుకు కొత్త గడియ వెల్డ్ చేశాడు. బయటివైపు.

ఆ చలికాలం జగిత్యాలలో ఒక చిన్న కాఫీ హోటల్ వాళ్లు పాడమని పిలిచారు. ఖాలా వేదిక మీద చెక్క బల్ల బాదింది, నేను పాడాను. జనం కుర్చీలు వదిలి లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ ఈలలు ఇప్పుడు తలుచుకున్నా నా వెన్ను నిటారవుతుంది. వేదిక దిగగానే ఒక ముసలవ్వ కర్ర పట్టుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మంచిగ పాడినవ్ బిడ్డా. నేను పోయిన్నాడు మా ఇంటికచ్చి గిదే పాడాలె. మా కోడండ్లకు ఏడువరాదు."

"గట్లంటవేందవ్వా! నువ్వు మంచిగనే ఉన్నవ్ గద?"

"ఉన్న గనుకనే చెప్తున్న. పోయినంక అచ్చి చెప్తనా?"

అందుకని పాఠకులారా, ఆర్గాన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో గడియ వేసుకుని పాడను, వీధికి ముందుగా చెప్పకుండా "పోయినవా" అనను. ఆ అవ్వ ఒప్పందాన్ని మాత్రం ఒప్పుకున్నాను. ఇంకో ముప్పై ఏళ్ల వరకు నాకు తీరిక లేదని చెప్పాను. "సరే, ఆగుత" అంది.