ఒక్క తలుపు దవాఖాన

దవడ విరిగిన ఆడమనిషిని, కార్డు తెచ్చుకొమ్మని, ఆ దవడ విరగ్గొట్టినవాడి దగ్గరికే తిరిగి పంపారు. ఆమె వెళ్లి అడిగింది. వాడు ఈసారి చెయ్యి విరగ్గొట్టాడు.

ఇది మా బొగ్గు పట్టణంలో, మా గని కంపెనీ దవాఖానలో, పట్టపగలు జరిగింది. ఆమెది మా పక్క క్వార్టర్. నన్ను కాకా అని పిలుస్తుంది. ఆమె భర్త ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. ఆ రోజు మొదటి షిఫ్టు దిగి తాగి వచ్చాడు, అన్నం చల్లారిందని స్టీలు టిఫిన్‌తో ముఖం మీద బాదాడు. గోడ ఇవతల నాకు ముందు టిఫిన్ చప్పుడు, తర్వాత ఎముక చప్పుడు వినిపించాయి. నలభై ఏళ్లు భూమి లోపల పనిచేసినవాణ్ణి, విరిగే చప్పుళ్లు నాకు తెలుసు. ఆటోలో నేనే తీసుకుపోయాను. ఆమె కొంగు నిండా నెత్తురు.

అక్కడ కార్మికుడి కుటుంబానికి వైద్యం ఉచితమే. కానీ కార్డు కార్మికుడిది. భార్య పేరు అందులో ఒక వరుస.

"కార్డేది?" అన్నాడు కిటికీలో గుమాస్తా.

"వాని జేబుల ఉన్నది. కొట్టింది వాడే," అన్నాను.

"అయితే ఏంది? కార్డు లేకుంటే నేనెట్ల రాయాలె? జల్ది పోయి తెచ్చుకోండ్రి."

పిడికిలితో గుద్దాను. కిటికీ అద్దం పగిలింది. వాచ్‌మన్ నా మెడ పట్టి బయటికి ఈడ్చాడు. నేను వాడితో కలబడుతుండగానే ఆమె ఆటో ఎక్కి ఇంటికి పోయింది.

సాయంత్రం వాడే తెచ్చాడు ఆమెను, చెయ్యి కూడా విరిచాక, కార్డుతో సహా. డాక్టరు బల్లకు ఆనుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఎట్ల తగిలిందమ్మా?" అని డాక్టరు అడిగితే వాడే జవాబిచ్చాడు: "బాత్‌రూంల జారింది సార్." ఆమె తల ఊపింది. పోలీసాయన వచ్చి అదే బల్ల ముందు నిలబడి అదే అడిగాడు. వాడి చెయ్యి ఆమె మెడ మీద ఉంది. ఆమె మళ్లీ తల ఊపింది. ఆయన రాసుకుని పోయాడు.

బడి నన్ను మూడో తరగతిలోనే వదిలేసింది. తర్వాత చదివిందంతా నా సొంతం. అందులో సగం గనిలోనే చదివాను. పైకప్పు కూలి మనిషి చస్తే, తప్పు చచ్చినవాడిదే అని రాసి చేతులు దులుపుకునేవాళ్లు. మేం కొట్లాడి వేరే రకంగా అడిగించాం: ఆ మనిషి ఎటు నుంచి వచ్చాడు, ఎక్కడ నిలబడ్డాడు, ఎటు పారిపోవాలి, ఆ దారి ఎందుకు మూసుకుంది? గనిలో ఒక దారి కూలితే పారిపోవడానికి రెండోది ఉండాలి. దవాఖానలో దెబ్బలు తిన్న ఆడదానికి ఒక్కటే దారి. ఆ దారిలో వాడే కూర్చుంటాడు.

కట్లు కట్టే సిస్టరమ్మకు ఇది చెప్పాను. ఆమెది బెల్లంపల్లి, నోరు పెద్దది. "చెప్పుడెందుకు, నడిచి చూద్దాం. నువ్వు పెండ్లానివి, నేను మొగణ్ణి."

"నాకు మీసాలున్నయి బిడ్డా."

"తువ్వాల కప్పుకో. మొగనికే ఎదురు చెప్తున్నవా? తంతా!"

నవ్వుకుంటూ బయల్దేరాం. కిటికీ, బల్ల, ఎక్స్‌రే గది, కట్ల గది. ఎక్కడ ఆగినా ఆమె చెయ్యి నా మెడకు అందింది. కట్ల గదికి వచ్చేసరికి ఇద్దరం నవ్వడం మానేశాం.

చేతి కట్టు విప్పే రోజు సిస్టరమ్మ ఒక ఉపాయం చేసింది. "కార్డు మీద ముద్ర లేదన్నా, కిటికీ కాడ ఏపిచ్చుకరా పో," అని వాణ్ణి పంపి గడియ పెట్టింది. నేను వరండాలో నిలబడ్డాను. తలుపు సందులోంచి ఆ పిల్ల గొంతు వినబడింది. తీగతో కట్టిన పళ్ల మధ్య నుంచి, "ఆయనే కొట్టిండక్కా. ఇగ ఆ ఇంటికి పోను," అంది. మొదటిసారి.

కిటికీ నాలుగడుగుల దూరంలోనే ఉంది. వాడు ముద్ర వేయించుకుని వచ్చేశాడు. గడియ చూశాడు. ఒక తన్నుకు ఊడిపోయింది. అడ్డుపడ్డ నా నుదుటి మీద ఇనుప స్టూలుతో కొట్టాడు. ఆమెను జుట్టు పట్టి వరండా పొడుగునా ఈడ్చుకుపోయాడు. సిస్టరమ్మ అరిచింది. వాచ్‌మన్ "మొగడు పెండ్లాల లొల్లి" అని పక్కకు తప్పుకున్నాడు.

నాకు మాత్రం వెంటనే కుట్లు వేశారు. నా కార్డు నా జేబులోనే ఉంది.

పోలీసులు పిలిపించారు. మొగుణ్ణీ పెళ్లాన్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి అడిగారు. ఆమె జారిపడ్డానంది. రాజీ అని రాశారు.

కుట్లు ఊడకముందే దవాఖాన పెద్ద అధికారికి దరఖాస్తు పెట్టాను, దారుల బొమ్మ గీసి మరీ. దెబ్బలకు ముందు వైద్యం, తర్వాత కార్డు. వెంట వచ్చినవాడు వేరే గదిలో ఉండాలి. ఆమెను ఒంటరిగా అడగాలి. కట్ల గదికి వెనక ఇంకో తలుపు పెట్టాలి. జవాబు లేదు. మళ్లీ పెట్టాను. ఆయన గది ముందు కూర్చుంటే రెండుసార్లు లేపి పంపారు. ఈలోగా గోడ అవతల ఆమె అరవడం మానేసింది, దెబ్బల చప్పుడే వస్తోంది. నేను గోడను గుద్దితే కాసేపు ఆగుతుంది.

నిన్న జవాబు వచ్చింది: "మీ సూచనలను పరిశీలించాము. గాయాలైనవారికి కార్డు కోసం ఆగకుండా చికిత్స ప్రారంభించాలని సిబ్బందికి నోటిమాటగా తెలియజేశాము. రెండవ తలుపునకు నిధులు లేవు. భర్తను భార్య నుండి వేరుగా కూర్చుండబెట్టుట కుటుంబ వ్యవహారములలో జోక్యము కిందికి వచ్చును గనుక అట్టి ఏర్పాటు చేయబడదు."